గాలి హోరు, అక్క గొంతు

జనవరి 9

పిచ్చుకా,

నీ కబురు అందింది. ఇకమీదట ఫోను వద్దు, ఉత్తరం రాయమన్నావు. మీ దారిలో సిగ్నలు సరిగ్గా లేదన్నావు. సరే. నాకూ ఉత్తరమే నయం. ఫోనులో నేను "ఊఁ" అంటే నువ్వు "ఏమన్నావు?" అంటున్నావు. ఏమీ అనలేదని చెప్పడానికే మూడు నిమిషాలు పడుతోంది.

ఆసుపత్రిలో మా బట్టల గది ఎప్పటిలాగే ఉంది. దుప్పట్లు వస్తాయి, ఉతుకుతాం, మడుస్తాం, పోతాయి. కొత్త యంత్రం ఒకటి వచ్చింది. అది తిరుగుతుంటే గోడ మీద గడియారం కూడా వణుకుతుంది. అందుకే యంత్రాలు మొదలుపెట్టక ముందే, పొద్దున్న ఐదున్నరకు, నీ కోసం ప్రార్థన రికార్డు చేస్తున్నాను. మడతపెట్టిన దుప్పట్ల మధ్య కూర్చుంటే గొంతు ఎటూ చెదిరిపోదు. ఎవరో ఆనుకుని కూర్చుని వింటున్నట్టుంటుంది.

నలభై నిమిషాలు సరిపోతోందా? దారి ఉన్నంతసేపూ ప్రార్థన నీ చెవిలో ఉండాలని నా కోరిక. అంతకన్న నీకు నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు.

మరదలిని అడిగానని చెప్పు.

అక్క


జనవరి 17

అక్కకు నమస్కారం.

నలభై నిమిషాలు కొలత తీసి కుట్టినట్టు సరిపోతోంది. ఇంటి దగ్గర హెల్మెట్ పెట్టుకుంటాను, నీ గొంతు పెడతాను. "దేవా, ఈ దినమును" అని నువ్వు అనగానే క్లచ్ వదులుతాను. జలాశయం గట్టు ఎక్కేసరికి నువ్వు ముగిస్తావు. "ఈయన బండి పెట్రోలుతో నడవదు, వదినతో నడుస్తుంది" అంటుంది నీ మరదలు.

హెల్మెట్ లోపల చెవుల దగ్గర చిన్న స్పీకర్లు అంటించాను, చొక్కా బొత్తాలకంటే కాస్త పెద్దవి. ఎనభై మీద పోతుంటే లోపల గాలి ఎలా ఉంటుందనుకున్నావు! ఓ ఊరంతా నా తలలో దూరి ఒకేసారి అరుస్తున్నట్టు. అందుకని సౌండు చివరి గీత దాకా పెంచుతాను. అప్పుడు నీ గొంతు ఆ గాలిని చీల్చుకుని వస్తుంది.

"ఇంతకీ నీ పనేంట్రా, రోడ్డు మీద చెవి ఆనించి పడుకోవడమా?" అని కిందటిసారి అడిగావు. ఇంచుమించు అంతే. జలాశయం నుంచి పట్నం దాకా భూమిలో పెద్ద ఇనుప పైపు. దాని మీద తొంభై ఆరు వాల్వులు. నేను రోజుకు ఇరవై నాలుగు చూస్తాను. మూత తీసి, మనిషి ఎత్తున్న ఉక్కు కడ్డీ ఒకటి పైపు మీద ఆనిస్తాను. కడ్డీ పై కొసకి చెక్క బిళ్ళ. దానికి చెవి పెట్టి వింటాను. పైపు ఎక్కడైనా చిట్లితే నీటి చప్పుడు మారుతుంది. ఎక్కడ, ఎంత అన్నది చెవి చెప్పాలి.

పదహారేళ్ళయింది అక్కా. ఇవాళ్టికీ మొదటి మూత తీసి చెవి ఆనించేటప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. పైన చూస్తే ఎండిన నేల, నాలుగు మేకలు, ముళ్ళకంపలకు చుట్టుకున్న ప్లాస్టిక్ సంచులు. చెవి పెడితే, కింద ఓ నది నడిచిపోతోంది! అంత నీరు, చీకట్లో, ఎవరికీ చెప్పకుండా. ఆ మేకలకు తెలియదు, వాటి కాపరికి తెలియదు. నాకు తెలుసు.

మార్చిలో మాకు చెవుల పరీక్ష ఉంది. చెవే మా పనిముట్టు కదా, దానికీ తనిఖీ. రెండేళ్ళుగా యంత్రం చెడిపోయి జరగలేదు. ఈసారి కొత్తది తెచ్చారట.

ఒక్క మాట. ఈమధ్య నీ గొంతు బాగా మెత్తబడింది. మాటల చివర్లు మింగేస్తున్నావు. ఒంట్లో బాగుంటోందా? కాస్త గట్టిగా చదువు.

నీ తమ్ముడు


జనవరి 28

పిచ్చుకా,

నీ మాట పట్టుకుని గొంతు డాక్టరుకు చూపించుకున్నాను. ఆసుపత్రిలో ఉన్నందుకు అదొక సదుపాయం. నోట్లో లైటు వేసి చూశాడు. "మీ గొంతుకేమండీ, మైకు అక్కర్లేదు" అన్నాడు.

అయినా నువ్వు ఊరికే అనవు. చిన్నప్పుడు మూడు వీధుల అవతల సైకిల్ బెల్లు విని ఎవరిదో చెప్పేవాడివి, తల పక్కకు వాల్చి. అందుకే కదా నీకు ఆ పేరు పెట్టాను. కనుక గొంతు తగ్గే ఉంటుందని నమ్మాను. యాభై అయిదు దాటాయి. ఇచ్చినవన్నీ ఆయన ఒక్కొక్కటిగా తిరిగి తీసుకుంటాడు. నాకు బెంగ లేదు.

సోమవారం నుంచి ఫోనుని నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా చదువుతున్నాను. మొదటిరోజు ఇస్త్రీ ఆయన తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. "ఎవరిమీదమ్మా ఆ కేకలు?" అన్నాడు. దేవుడితో మాట్లాడుతున్నానన్నాను. "ఆయనకేమైనా చెవుడా?" అన్నాడు. నవ్వొచ్చింది. రికార్డులో ఆ నవ్వు ఉంటుంది. తుడిచెయ్యలేదు.

అక్క


ఫిబ్రవరి 6

అక్కకు నమస్కారం.

నవ్వు వినబడలేదు. రెండుసార్లు వెతికాను. గొంతు కాస్త పెరిగింది గానీ స్పష్టత లేదు. 'స', 'శ' అన్న చోటల్లా గాలి ఎత్తుకుపోతోంది. నీ ఫోనుకు అట్టలాంటిదేమైనా తొడిగావా? ఉంటే తీసెయ్.

ఇక్కడ ఓ వింత. పొద్దుగూకే వేళకు ఇంటికొస్తుంటే తోటల పక్కన కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరిచేవి. ఈ ఏడు ఒక్కటీ లేదు. బండి ఆపి మరీ విన్నాను. ఏ మందు కొట్టారో ఏమో, జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయినట్టుంది. "ఎందుకు లేవూ, నిన్న రాత్రి కిటికీ మూసుకుని పడుకోవాల్సి వచ్చింది" అంటుంది నీ మరదలు. ఆమెకి నాతో వాదం పెట్టుకోవడం ఓ సరదా. ఈమధ్య గొణగడం కూడా నేర్చింది. పక్కనే కూర్చుని ఏదో అంటుంది, "ఏంటి?" అంటే "ఏం లేదులెండి" అని లేచిపోతుంది.

స్పీకర్లు మార్చి ఇంకా పెద్దవి వేయించాను. నీ గొంతు కోసమే.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 14

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి మడిచాను. మళ్ళీ విప్పాను. మధ్యాహ్నం పై అంతస్తులో చెవి పరీక్షలు చేసే అమ్మాయి దగ్గరకు తీసుకెళ్ళాను. నా కూతురి వయసుంటుంది. చాలా నెమ్మదిగా మాట్లాడుతుంది.

ఉత్తరం అంతా చదివి మూడు ప్రశ్నలు అడిగింది. బండి నడుపుతాడా? నడుపుతాడన్నాను. రోజూ ఎంతసేపు? పోను రాను, మధ్యలో వాల్వుల వెంట తిరిగేది కలిపి, రెండు గంటలకు తక్కువ కాదన్నాను. చెవుల్లో ఏం వింటాడు?

నా ప్రార్థన, అన్నాను.

ఆమె పెన్సిలు కింద పెట్టింది.

హెల్మెట్ లోపలి గాలి మా గదిలో కొత్త యంత్రం కంటే పెద్ద చప్పుడట. హెల్మెట్ తలని కాపాడుతుంది, చెవిని కాదట. ఆ గాలి మీద వినబడాలంటే దానికంటే గట్టిగా పెట్టాలి. అంటే దెబ్బ మీద దెబ్బ. చెవిలో ముందు చచ్చిపోయేవి సన్నటి చప్పుళ్ళు. కీచురాళ్ళు. 'స', 'శ'. ఆడవాళ్ళ గొంతులో అంచులు.

నా గొంతు బాగానే ఉంది. ఫోనుకు అట్ట లేదు. నీ భార్య గొణగడం లేదు. కీచురాళ్ళు ఎక్కడికీ పోలేదు.

రెండేళ్ళుగా నిన్ను కాపాడమని నేను పంపిన మాటలే నీ చెవిని కొట్టాయి. ఈ వాక్యం రాయడానికి నాకు గంట పట్టింది.

నిజం చెప్పు. మీ ఆఫీసు వాళ్ళు చెవుల్లో పెట్టుకోవడానికి నురగ బిరడాలు ఇవ్వరా? ఆ అమ్మాయి అడగమంది.

అక్క


ఫిబ్రవరి 22

అక్కకు నమస్కారం.

ఇచ్చారు. పచ్చ రంగువి, డబ్బా నిండా. ఇంటికి వచ్చేటప్పుడు పెట్టుకుంటాను. వెళ్ళేటప్పుడు పెట్టుకోను.

ఎందుకని అడుగుతావు. వెళ్ళేటప్పుడు నీ ప్రార్థన ఉంటుంది కదా! నువ్వు ప్రార్థిస్తుంటే నేను చెవులు మూసుకుంటానా? ఏడేళ్ళప్పుడు ఒకసారి చేశాను. అందరం కూర్చున్నాం, నువ్వు చదువుతున్నావు, నాకు ఆకలి. రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకున్నాను. నువ్వు చూశావు. ఆపి, లేచి వెళ్ళిపోయావు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కొట్టినా బాగుండేది. ఆ రెండు రోజులూ నీ వెనకే తిరిగాను, నువ్వు తల తిప్పుకున్నావు. ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను, అక్క ప్రార్థన జరుగుతుంటే చెవులు తెరిచే ఉండాలని. ముప్ఫై నాలుగేళ్ళు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, లేకపోతే నీ మరదలు చెబుతుంది. నవంబరులో ఓ లారీ వెనక నుంచి హారన్ కొట్టుకుంటూ వచ్చిందట. నాకు వినబడలేదు. నా కుడి అద్దం ఊడగొట్టి పోయింది. ముందు ఆగి దిగాడు డ్రైవరు. "నీకు చెవుడా, చావాలనుందా, ఏదో ఒకటి చెప్పు!" అన్నాడు. "ప్రార్థన వింటున్నాను" అన్నాను. వాడు తిరిగి బండెక్కి పోయాడు.

ఫోను వద్దన్నది సిగ్నలు లేక కాదు.

మార్చి ఇరవైన పరీక్ష. తప్పితే కడ్డీ తీసేసుకుంటారు. స్టోరులో కూర్చోబెట్టి వాల్వులకు రంగు వేయిస్తారు. రంగు వెయ్యడం తక్కువ పనని కాదు. కానీ ఆ నది నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి అక్కా. దాన్ని తీసేసుకుంటే నేనేం చెయ్యను?

చెవుల్లో సన్నగా ఓ ఈల. ఎప్పుడూ ఉంటుంది. ఇది రాస్తున్నప్పుడూ.

నీ తమ్ముడు


మార్చి 1

పిచ్చుకా,

నువ్వు చెప్పిన ఆ రోజు నాకు గుర్తు లేదు.

నాలుగు రోజులు ఆలోచించాను. వేళ్ళు పెట్టుకోవడం గుర్తు లేదు. కానీ మాట్లాడని రెండు రోజులు గుర్తున్నాయి. ఆ వేసవిలో నాకు జ్ఞానదంతం పొడుచుకొచ్చి దవడ వాచింది. ప్రార్థన మధ్యలో పోటు తట్టుకోలేక లేచి వెళ్ళాను. మర్నాడు పీకించారు. రెండు రోజులు నోట్లో దూది. నువ్వు నా వెనకే తిరిగావు, అదీ గుర్తుంది. వాచిన ముఖం చూసి భయపడతావని తల తిప్పుకున్నాను.

ఒక పన్ను, పిచ్చుకా. దాని కోసం ముప్ఫై నాలుగేళ్ళు.

నిన్నటి నుంచి రికార్డు చెయ్యడం మానేశాను. ప్రార్థన మానలేదు.

బిరడాలు పెట్టుకునే పద్ధతి ఆ అమ్మాయి నా చెవికే పెట్టి నేర్పింది. వేళ్ళ మధ్య వత్తిలా సన్నగా నలుపు. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పై కొస పట్టుకుని పైకి లాగు. అప్పుడు లోపలికి తొయ్యి. ఉబ్బేదాకా వేలు తియ్యకు. ఊరికే అంచున పెట్టుకుంటే పెట్టుకోనట్టే. హెల్మెట్ తర్వాత. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు, రెండుసార్లూ.

అలాగే పెట్టుకుని మా గదిలోకి వెళ్ళాను. యంత్రాలన్నీ తిరుగుతున్నాయి. ఎక్కడో పక్క ఊళ్ళో తిరుగుతున్నట్టున్నాయి. నా ఊపిరి వినబడింది. దాని కింద గుండె. పాతికేళ్ళుగా ఆ గదిలో నాతోనే ఉంది, ఒక్కసారీ వినలేదు. దుప్పటి చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. "ఏమ్మా, పూనకం వచ్చిందా?" అన్నాడట ఇస్త్రీ ఆయన. తర్వాత చెప్పాడు.

అక్క


మార్చి 12

అక్కకు నమస్కారం.

రికార్డింగు రాకపోయేసరికి, అన్నీ చెప్పేశాను కదా, అక్కకు కోపమొచ్చిందనుకున్నాను. వారం రోజులు అన్నం సహించలేదు. ఆనక నీ ఉత్తరం వచ్చింది. పన్ను సంగతి చదివి నీ మరదలు నేల మీద కూర్చుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది. తర్వాత మరేదో వచ్చింది, దాన్నేమంటారో నాకు తెలియదు.

నువ్వు చెప్పినట్టే వత్తిలా నలిపి పెట్టుకున్నాను. మొదటిరోజు నీళ్ళలో మునిగి బండి నడుపుతున్నట్టుంది. భయమేసింది. రెండోరోజు కొంచెం తేరుకున్నాను. మూడోరోజు ఏం జరిగిందో చెబుతాను, నమ్మితే నమ్ము. గట్టు ముందరి మలుపు దాటాను. అంతవరకూ గాలి ఒకటే ముద్దగా ఉండేది కదా, ఆ ముద్ద కరిగిపోయింది. దాని వెనక దాక్కున్నవన్నీ ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. గొలుసు వేరు. టైరు తారు మీద రాసుకునే చప్పుడు వేరు. ఇంజను లోపల టక్కుటక్కుమనేది వేరు. వెనక ఎక్కడో లారీ హారన్, పెట్టెలోంచి తీసి చేతికిచ్చినట్టు. నేను పక్కకు తప్పుకుని, అది దాటిపోయి, అప్పుడు తెలిసింది నేను విన్నానని. చెవులు మూసుకుంటే వినబడటమేంటి అక్కా! పదహారేళ్ళు నేను రోడ్డు మీద గాలి తప్ప ఏమీ వినలేదు.

గట్టు మీద బిరడాలు తీసి కడ్డీ ఆనించాను. అలసిపోని చెవితో. నీళ్ళు... నేను రాయలేను. ఎవరో గదిలోకి వచ్చినట్టుంది. మూత పక్కన మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాను.

కానీ ఈల పోలేదు. పరీక్ష ఎనిమిది రోజుల్లో ఉంది.

ఒకటడుగుతాను, తప్పయితే మన్నించు. బిరడాలు పెట్టుకుని, సౌండు తగ్గించి వింటే, నీ ప్రార్థన మళ్ళీ పంపుతావా? అది అవమానం కాదు కదా?

నీ తమ్ముడు


మార్చి 17

పిచ్చుకా,

అవమానం కాదు.

ఆ అమ్మాయిని అడిగాను. బిరడాల మీదుగా చిన్న సౌండుతో వినొచ్చంది. కానీ నేనే వద్దనుకున్నాను. రోడ్డు మీద ఉన్నప్పుడు నువ్వు వినాల్సింది రోడ్డుని. లారీ హారన్ కూడా ఎవరో ఒకరు నీ కోసం పంపిందే.

ఆరు నిమిషాలదే పంపుతాను. మొదటి వాల్వు దగ్గర బండి ఆపి, హెల్మెట్ తీసి, విను. నలభై నిమిషాలు ఆయనకూ ఎక్కువే.

ఇరవైన పని చేస్తున్నంతసేపూ నా ప్రార్థన నీ కోసమే. భయపడకు. భయపడితే మాత్రం దాచకు.

అక్క


మార్చి 24

అక్కకు నమస్కారం.

చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు డిప్పలు తగిలించారు. చప్పుడు వినబడితే మీట నొక్కమన్నారు. మొదట్లో బాగానే నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. "మొదలెట్టండి" అన్నాను. "జరుగుతూనే ఉందండీ" అన్నారు.

గీత గీసి చూపించారు. సగం దాకా చదునుగా నడిచి, అక్కణ్ణుంచి లోయలోకి పడిపోయింది. పోయింది తిరిగి రాదట. ఉన్నది బిరడాలతో నిలబడుతుందట.

మా ఇంజినీరమ్మ ఆ గీతని చాలాసేపు చూసింది. పద్నాలుగేళ్ళుగా నా రిపోర్టులు చదువుతోంది, నోటి మాట తప్పదు. "లావు చప్పుళ్ళు బాగానే ఉన్నాయి, పెద్ద పైపుకి అవే ముఖ్యం. మూడు నెలలు చూద్దాం. ఈలోగా ఒక్క లీకు తప్పిపోయినా కడ్డీ ఇచ్చెయ్యాలి" అంది. సరేనన్నాను. లీకు చప్పుడు లావుగానే ఉంటుంది అక్కా, నాకు తెలుసు. తప్పిపోదు.

నీకు సెలవులున్నాయి కదా. ఒక్కసారి రా. నా వెనక కూర్చో. నదిని వినిపిస్తాను.

నీ తమ్ముడు


ఏప్రిల్ 18

పిచ్చుకా,

క్షేమంగా చేరాను. బస్సులో పక్కావిడ రెండుసార్లు తట్టింది. బిరడాలు తియ్యడం మరిచిపోయానట.

నీకు ఎదురుగా చెప్పలేకపోయాను. నాకు మాటలు తక్కువ. అందుకని రాస్తున్నాను.

నువ్వు కడ్డీ పట్టుకుని, "ఇక్కడ చెవి పెట్టు అక్కా, ఊపిరి బిగపట్టు" అన్నావు. నలభై తొమ్మిదో వాల్వు. పెట్టాను. ముందు నా రక్తమే వినబడింది. తర్వాత అది వచ్చింది. దూరం నుంచి రావడం కాదు, అక్కడే ఉంది, నేను చేరాను. నేలంతా ఒక గొంతులా. నేను రోజూ మాట్లాడతాను కదా, ఎవరైనా వింటున్నారా అని ఎప్పుడూ అడగలేదు. ఆ కడ్డీ దగ్గర అడగాల్సిన పనే లేకపోయింది.

ఆ రోజు నాలుగు చోట్ల విన్నాను. మూడు చోట్ల ఒకటే చప్పుడు. అరవై మూడో దాని దగ్గర మాత్రం రెండు. పెద్ద రోడ్డు కిందుగా పైపు దాటే చోటు అది. ఆ పెద్ద గొంతు వెనక ఇంకొకటి. చాలా సన్నం. కొత్త గుడ్డను గోటితో గీస్తున్నట్టు, తెగకుండా. ఎంత అందంగా ఉందో. అందుకే అక్కడ అంతసేపు ఉండిపోయాను. "లే అక్కా, అక్కడే కాపురం పెడతావా?" అని నువ్వు నవ్వావు. పుస్తకంలో టిక్కు పెట్టావు. రోడ్డు కింద నీరు అలా పలుకుతుంది కాబోలనుకున్నాను. అదేమిటో రాయి.

మరదలు ఇచ్చిన ఉన్ని శాలువ బాగుంది. ఇప్పుడు ఆమె మాట వినబడకపోతే ఏమిటని మళ్ళీ అడుగుతున్నావు, గొణుగుతోందనడం లేదు. అది చాలు నాకు.

అక్క


ఏప్రిల్ 26

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం గుమ్మంలో నిలబడి చదివాను. అరవై మూడు దగ్గర ఆగిపోయాను. నీ మరదలిని కేకేసి, "హెల్మెట్ పెట్టుకో" అన్నాను. "పొయ్యి మీద పాలున్నాయి" అంది. "దింపెయ్" అన్నాను.

అరవై మూడు దగ్గర మూత తీసి, ముందు నేను విన్నాను. నది ఉంది. అంతే. ఒక్కటే. కళ్ళు మూసుకుని విన్నాను, ఊపిరి ఆపి విన్నాను. తర్వాత ఆమె చెవి పెట్టింది. పెట్టీ పెట్టగానే, "ఎవరండీ ఈ ఈల వేస్తున్నది?" అంది.

అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను అక్కా. పైన రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

ఊరుకోవచ్చు. నీ ఉత్తరం నువ్వు, నేను, ఆమె తప్ప ఎవరూ చూడలేదు. కొన్నాళ్ళు పోతే చప్పుడు లావెక్కుతుంది, అప్పుడు నేనే కనిపెట్టినట్టు రాయొచ్చు. ఇది నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. బండి తిప్పి ఇంటివైపు కిలోమీటరు వచ్చాను కూడా. నీ మరదలు వెనక నుంచి ఏదో అంది. బండి ఆపి, బిరడా తీసి, "ఏంటి?" అన్నాను. "నేనేమీ అనలేదు, దగ్గాను" అంది. అయినా బండిని మళ్ళీ ఇంటివైపు పోనివ్వలేకపోయాను. తిన్నగా ఆఫీసుకే వెళ్ళాను.

రిపోర్టు రాయలేదు. నీ ఉత్తరమే ఇంజినీరమ్మ చేతిలో పెట్టాను. చదివింది. "మీ అక్కగారు ఏం చేస్తారు?" అంది. "ఆసుపత్రిలో దుప్పట్లు మడుస్తుంది" అన్నాను. ఇంకోసారి చదివి, తవ్వేవాళ్ళకి ఫోను చేసింది.

పైపుకి చిట్లు వెంట్రుకంత. చేతి బెత్తెడు పొడుగు. అందులోంచి నీళ్ళు సూదిలా కొట్టి కొట్టి రోడ్డు కింది మన్నంతా కడిగేశాయి. తవ్వితే ఓ గది బయటపడింది అక్కా. గది! నేను దిగి నిలబడితే పైకప్పు తలకి తగల్లేదు. ఆ పైకప్పు పెద్ద రోడ్డే. మూరెడు మందం మిగిలింది. లారీలు, బస్సులు, నేను, మొన్న నా వెనక నువ్వు, అందరం దాని మీదుగానే పోయాం. ఎన్ని నెలలుగానో. నాలుగు రోజులకోసారి నా పుస్తకంలో దానికి టిక్కు ఉంది.

టార్చి లైటులో ఆ గోడలు చూశాను. నీరు వాటిని అద్దంలా నునుపు చేసింది. భయమేసింది. దానితోపాటు, ఎలా చెప్పను, చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

నీ తమ్ముడు


మే 2

పిచ్చుకా,

నేను అందమని రాసింది అదా.

రెండు రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. నా ఉత్తరం రోడ్డుని నిలబెట్టింది, నీ కడ్డీని లాగేసింది. రెండూ ఒక్క పేరాలోనే. రాయకుండా ఉంటే బాగుండునని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అది నీకు తెలియాలి. నీ మీద ప్రేమ లేక కాదని కూడా తెలియాలి.

కోపం వస్తే కోపంగానే రాయి. ఇంజినీరమ్మ ఏమందో రాయి.

అక్క


మే 11

అక్కకు నమస్కారం.

కోపమా! నీ మీదా!

పైపు అతకడానికి నిన్న నీళ్ళు ఆపేశారు. పదహారేళ్ళలో మొదటిసారి. పొద్దున్న తొమ్మిదికి గట్టు మీద వాల్వు తిప్పారు. అరవై మూడు దగ్గర నేను కడ్డీ ఆనించి కూర్చున్నాను. నది సన్నబడింది, సన్నబడింది, ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నీకెలా చెప్పను? ఇంట్లో ఎప్పుడూ తిరిగే మనిషి లేని రోజులా. అందులో మిగిలింది నా చెవుల్లో ఈల ఒక్కటే. దానికి వాల్వు లేదు.

వెల్డింగు వాళ్ళు మధ్యాహ్నం దాకా పనిచేశారు. మూడింటికి మళ్ళీ నీళ్ళు వదిలారు. చెవి పెట్టి ఎదురుచూశాను. ముందు ఏమీ లేదు. తర్వాత పైపులో గాలి కదిలింది, ఎక్కడో తలుపులన్నీ వరసగా తెరుచుకుంటున్నట్టు. ఆ వెనక ఇనుము సన్నగా వణికింది. ఆపైన వచ్చింది అక్కా. ఏనుగుల గుంపు పరుపుల మీద పరుగెత్తినట్టు, మెత్తగా, ఆపలేనంతగా. నా దవడ ఎముక దాకా అదిరింది. ఏడుపొచ్చింది, పక్కన పది మంది ఉన్నారని కూడా చూడలేదు.

ఇంజినీరమ్మ గుంట అంచున నిలబడి, "ఎలా ఉంది? గట్టిగా కూర్చుందా?" అని కేకేసింది. నేను "ఊఁ" అంటే పుస్తకంలో సంతకం అయిపోతుంది, అందరూ ఇళ్ళకి పోతారు.

"నాకు ఇంకో చప్పుడు వినబడటం లేదు. వినబడటం లేదంటే లేదని కాదు. మీరు వినండి" అన్నాను.

ఆమె నన్ను చూసింది. తర్వాత చెప్పులు విడిచి బురదలోకి దిగింది. ఆఫీసుకి కట్టుకొచ్చిన మంచి బట్టలతో మోకాళ్ళ మీద కూర్చుంది. కడ్డీ ఆమె చేతికిచ్చాను. తిరిగి తీసుకోకూడదని తెలిసే ఇచ్చాను. చెవి ఎక్కడ పెట్టాలో, ఊపిరి ఎప్పుడు ఆపాలో చెప్పాను. ముందు నది వినండి, దాని వెనక గుడ్డని గోటితో గీసినట్టు ఇంకేమైనా ఉందేమో వెతకండి, అని నీ మాటల్లోనే చెప్పాను.

చాలాసేపటికి, "ఒకటే ఉంది. గీసే చప్పుడు లేదు" అంది. వాళ్ళు సంతకాలు చేశారు, తట్టలు, పారలు బండికెత్తారు.

ఇక నాకేం పనన్నది ఇంజినీరమ్మ నిన్న పొద్దున్నే చెప్పింది. కడ్డీ పట్టుకోవడానికి నలుగురు కొత్తవాళ్ళు వస్తున్నారు. ఏం వినాలో వాళ్ళకి నేను చెప్పాలి. మొదటి పాఠం బండి ఎక్కకముందే, పచ్చ బిరడాల డబ్బా దగ్గరట.

అందరూ పోయారు. ఇంజినీరమ్మ మాత్రం కడ్డీకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని అలాగే ఉంది. పద్నాలుగేళ్ళు ఆ నదిని కాగితాల మీద చూసిన మనిషి. పని అయిపోయినా లేవలేదు. నేనూ లెమ్మనలేదు. మూత చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాను.

నీ తమ్ముడు